అట్టలూడిన పుస్తకాలు మా చేతికివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఇంటర్న్‌షిప్ కోసం మొదట చేరిన చోట పది రోజులూ జెరాక్సులు తీయడం, టీలు తేవడమే పని. ఇలాగైతే ఏమీ రాదని టెన్షన్ పడి, శ్రీకాకుళంలో ఒక ప్రెస్సు బైండింగ్ విభాగంలో చేరాను. అక్కడి బైండర్ గారికి అరవై దాటాయి. అందరూ మాస్టారనే పిలుస్తారు.

మూడో రోజు సావనీర్ అట్టలు మడవమన్నారు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు, అంటే నున్నటి మందపాటి అట్ట. గబగబా మడిచేశాను. మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత తేలింది. నలభై అట్టలు పాడయ్యాయి. మాస్టారు తిట్టలేదు. ఓ కాగితం ముక్క ఒకవైపు తడిపి బల్ల మీద పెట్టారు. చూస్తుండగానే అది గొట్టంలా చుట్టుకుంది.

"చూడమ్మా, గొట్టం ఎటు పొడుగ్గా ఉందో కాగితం పోగు, అంటే అందులోని నార, అటే ఉంటాది. మడత పోగు వెంట పడాల" అన్నారు. అంత మందం అట్టకైతే ముందు క్రీజింగ్ (మడత పడేచోట నొక్కి గాడి చేయడం) కూడా వెయ్యాల్సిందేనట.

తర్వాత కుట్టు. 16 పేజీలు వచ్చేలా మడిచిన కాగితాన్ని ఫారం అంటారు. దాని మడత లోంచి సూది తీసి, చివర్లో కింది ఫారానికి ముడెయ్యాలి. దారం మరీ బిగిస్తే కాగితం కోసుకుపోతుంది, వదిలేస్తే ఫారం ఊగుతుంది. ఆ బిగువు చేతికి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. మైదా ఉడికించి చేసే జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని కూడా అక్కడే తెలిసింది.

ఇక అసలు విషయం. మా దగ్గరి గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలను పురికొసతో కట్టి అటకెక్కించారు. అడిగితే బైండర్లు దొరకడం లేదన్నారు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా! 1997లో కథకుడు కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం పెట్టి పాత పత్రికలన్నీ వెతికి వెతికి దాచిన జిల్లా ఇది. ఇక్కడ అట్ట ఊడిందని పుస్తకాన్ని మూలన పడేస్తే మనసు ఒప్పుకోవడం లేదు.

కాలేజీలు ఇచ్చే ఇంటర్న్‌షిప్ జాబితాలో బైండింగ్ షాపుల్ని చేర్చాలి. నేర్చుకున్నవాళ్లకి ఈ పుస్తకాలే ప్రాజెక్టుగా ఇవ్వాలి. కావాల్సింది అట్ట, కాలికో గుడ్డ (బైండింగుకి వాడే నూలు గుడ్డ), దారం, మైదా. మాస్టారికి చూపు తగ్గింది, సూదిలోకి దారం నేనే ఎక్కించేదాన్ని. నా తర్వాత ఆయన దగ్గర ఎవరూ చేరలేదు.

ఒక కట్ట ఇస్తే ఆదివారాలు కూర్చుని ఉచితంగా కుట్టి ఇస్తానని గ్రంథాలయంలో దరఖాస్తు పెట్టాను. జవాబు కోసం చూస్తున్నాను.

– ఓ డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా