ఇంజిన్ మార్చేవారు ఫ్యూయల్ పంపును మరవరాదు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లలోని మామూలు పెట్రోలు ఇంజిన్ తీసేసి, ప్రమాదంలో నుజ్జయిన బండి నుంచి తెచ్చిన టర్బో (సిలిండర్లలోకి గాలిని అదనంగా తోసే పరికరం) ఉన్న ఇంజిన్ బిగించుకునే మోజు మన డెల్టా పట్టణాలకూ పాకింది. విజయవాడ ఆటోనగర్ నుంచి ఇంజిన్ వస్తుంది, దాని ధర మీద, అది తిరిగిన కిలోమీటర్ల మీద బేరం గంటలకొద్దీ సాగుతుంది గాని, ఆ ఇంజిన్‌కు పెట్రోలు అందించవలసిన పంపు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ట్యాంకులో ఉన్న పాత పంపే కొనసాగుతుంది, లేకపోతే దుకాణంలో చేతికందినది వచ్చి చేరుతుంది. ఇది యజమాని సొంత వ్యవహారమే అయితే పత్రికకు రాయవలసిన అవసరం లేదు. కానీ ఆ బండ్లు నడిచేది 216 జాతీయ రహదారి మీద, బడిపిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళే కాలువ గట్ల మీద.

పాత పంపుతో కూడా బండి స్టార్టవుతుంది, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబెట్టినప్పుడు, నిలకడగా ఉంటుంది, ఊళ్ళో చక్కగా తిరుగుతుంది. లోపం బయటపడేది చించినాడ వంతెన దాటాక లారీని దాటబోయి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు. టర్బో అదనంగా తోసే గాలికి తగినంత పెట్రోలు ఆ క్షణంలో అందదు. కాలువ తలకట్టు దగ్గర నిండుగా పారుతున్నా శివారు చేలకు నీరందనట్టే ఉంటుంది పరిస్థితి. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, సిలిండర్‌లో వేడి పెరిగి, ఇంజిన్ కొట్టుకోవడం (పెట్రోలు అదుపు తప్పి మండి టకటక చప్పుడు రావడం) మొదలవుతుంది. ఆ తరువాత పిస్టన్ కరిగిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. దాటేస్తున్న లారీ పక్కనే, ఎదురుగా బస్సు వస్తుండగా బండి శక్తి పోగొట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పంపును ఎంచుకోవడం బ్రహ్మవిద్య కాదు. టర్బో పెట్రోలు ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందని లెక్క వేసుకోవచ్చు. 150 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అది 40 కిలోలు దాటుతుంది, అంటే దాదాపు 54 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి ఆరేడు శాతం అదనంగా కావాలి. పంపు పాతబడటాన్నీ ఎండాకాలపు వేడినీ దృష్టిలో పెట్టుకుని మరో 20 శాతం కలిపితే గంటకు 70 లీటర్లు తేలుతుంది. ఇంతవరకూ చాలామంది మెకానిక్కులు నోటిలెక్కగానే చెప్పగలరు. పొరపాటు జరిగేది ఆ 70 లీటర్లను ఎంత ఒత్తిడి దగ్గర అందించాలన్న చోట. పెట్రోలును ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ల లైనులో సాధారణంగా 3 బార్ ఒత్తిడి ఉంటుంది (బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). టర్బో 1 బార్ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇస్తే, దానికి సమానంగా పెట్రోలు ఒత్తిడిని పెంచే రెగ్యులేటర్ ఉన్న ఇంజిన్లలో పంపు 4 బార్లకు ఎదురుగా తోయవలసి వస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఏ పంపైనా తక్కువ లీటర్లే పోస్తుంది. అందుచేత పెట్టె మీద అచ్చువేసిన పెద్ద అంకె ఏ ఒత్తిడి దగ్గరిదో తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు. నకిలీ పంపుల పెట్టెల మీదా అదే అంకె ఉంటుంది.

వోల్టేజీ సంగతీ అంతే. 13.5 వోల్టుల దగ్గర కొలిచిన పంపును పాతికేళ్ళ నాటి సన్నని తీగతో నడిపితే దాని దాకా చేరేది 12 వోల్టులో, అంతకన్నా తక్కువో. లీటర్లూ ఆ మేరకు పడిపోతాయి. అలాగని ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద పంపు పెట్టేస్తే సరిపోతుందనుకోవడమూ తప్పే. అవసరానికి మించి తోసిన పెట్రోలంతా రిటర్న్ లైను గుండా ట్యాంకులోకి వెనక్కి వెళ్ళాలి. ఆ గొట్టం సన్నదైతే ఐడిల్‌లో ఒత్తిడి అదుపు తప్పుతుంది, ఊరికే తిరుగుతున్న పెట్రోలు వేడెక్కుతుంది. మన లంక గ్రామాల్లో వరదనీరు చూసిన బండ్ల ట్యాంకుల్లో తుప్పు సంగతి వేరే చెప్పాలా? ట్యాంకు కడగకుండా కొత్త పంపు దింపితే దాని జాలీ కొద్దిరోజుల్లోనే మూసుకుపోతుంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పంపుకు కరెంటు ఇచ్చే తీరు. కంపెనీ బండిలో ఇంజిన్ ఆగిన వెంటనే బండిలోని కంప్యూటర్ రిలేను (కరెంటును కలిపి విడదీసే స్విచ్చిని) విడిచేసి పంపును ఆపుతుంది. మార్పిడి బండ్లలో చాలాచోట్ల ఈ ఏర్పాటును పక్కన పెట్టి పంపు తీగను నేరుగా తాళంచెవి స్విచ్చికి కలుపుతున్నారు. గుద్దుకుని ఇంజిన్ ఆగిపోయినా, గొట్టం తెగిపోయినా, తాళంచెవి తిప్పేదాకా ఆ పంపు పెట్రోలును చిమ్ముతూనే ఉంటుంది. కార్బొరేటర్ కాలం నాటి మామూలు రబ్బరు గొట్టాన్నే ఈ ఒత్తిడికీ వాడి, పైన ఒక క్లిప్పు బిగించి ఊరుకోవడం కూడా కనిపిస్తోంది. ఇది నిర్లక్ష్యం అనదగ్గ స్థాయిని దాటిపోయింది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. 2019 సవరణతో వచ్చిన 182-ఏ సెక్షన్ కింద, అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. చట్టం ఉంది, బండ్లూ తిరుగుతున్నాయి. ఇంజిన్ మార్పు కోసం వచ్చిన బండిని పరిశీలించేటప్పుడు ఇంజిన్ నంబరు సరిచూడటంతో ఆగకుండా, పంపు ఎన్ని బార్ల దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో షెడ్డు యజమాని సంతకంతో రాయించుకోవాలి. ఇంజిన్ ఆపినప్పుడు పంపు ఆగుతోందో లేదో చెవిపెట్టి వినాలి; దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. పూర్తి బూస్ట్‌లో ఇంధన ఒత్తిడి నిలుస్తోందో లేదో కొలిచే గేజీ పరీక్షను పాలిటెక్నిక్, ఐటీఐ వర్క్‌షాపుల్లో నామమాత్రపు రుసుముతో చేయించే వీలు కల్పిస్తే మెకానిక్కులకూ మేలు. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల రవాణా అధికారులు ఈ విషయంలో ఏం చేయదలచారో మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు.