పిక్చర్ ట్యూబ్ టీవీలు ఇక తీసుకోవడం లేదు, క్యాసెట్లు మాత్రం తొందరగా తెండి

ఇటు ఒడిశాలో మన పర్లాకిమిడి వాళ్లకీ, ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చే వాళ్లకీ, మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

దసరా వెళ్లాక పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు రిపేరుకి తీసుకోవడం మానేస్తున్నాను. వీడియో క్యాసెట్లు, ఆడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని మాత్రం ఉంటుంది. ఇకమీదట టైమంతా దానికే. ఎల్‌ఈడీ టీవీలు, మిక్సీలు, స్టెబిలైజర్లు ఎప్పటిలాగే చూస్తాం. ఈ సంగతి షాపులో ఒక్కొక్కరికీ చెప్పడం నా వల్ల కావట్లేదు. చెప్పబోతే "మా నాన్నగారు కొన్న టీవీ బాబూ, ఎంతైనా పర్లేదు, చూడు" అంటారు. ఆ మాట విన్నాక కాదనడానికి నోరు రాదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఈ మధ్య అటకల మీది టీవీలు ఇంతగా ఎందుకు దిగుతున్నాయో నాకు తెలుసు. ఫోన్లో ఎవరో పాత సీరియల్ టైటిల్ పాట పంపిస్తారు. అది వినగానే ప్రాణం లాగుతుంది. పిల్లలకి చూపిద్దామని ఆదివారం పూట టీవీ దింపి, దుమ్ము దులిపి ప్లగ్గు పెడతారు. టప్పుమని శబ్దం, కొంచెం మాడు వాసన. సోమవారం పొద్దున్నే నా షట్టర్ ముందు నిలబడతారు. ఆ ప్లగ్గు పెట్టకుండా నేరుగా నా దగ్గరికి తెచ్చి ఉంటే చాలా టీవీలు బతికేవి. ఏళ్ల తరబడి కరెంటు తగలని కెపాసిటర్ల మీద ఒక్కసారిగా 230 వోల్టులు పడితే అవి తట్టుకోలేవు.

సరే, బాగయిందే అనుకుందాం. అందులో ఏం చూస్తారు? డాబా మీద యాంటెన్నా పెడితే దూరదర్శన్ వచ్చేస్తుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. రాదు. దూరదర్శన్ వాళ్లు అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలవారీగా ఆపుకుంటూ వచ్చి, 2022 మార్చి నాటికి దాదాపు అన్నీ ఆపేశారు. కేబుల్ కూడా అంతకు ముందే సెట్‌టాప్ బాక్సుల మీదికి వెళ్లిపోయింది. మనలాంటి ఊళ్లకు ఆఖరి గడువు 2017 మార్చి. అంటే యాంటెన్నా వైరు ఎంత బాగా గుచ్చినా చుక్కలూ, బుస్సుమనే మోతా తప్ప ఏమీ ఉండదు. సెట్‌టాప్ బాక్సు కలపొచ్చు గాని, పాత బ్లాక్ అండ్ వైట్ వాటికి వెనకాల ఎరుపు, పసుపు పిన్నులు పట్టే చోటే ఉండదు, మధ్యలో ఇంకో డబ్బా పెట్టాలి. అన్నీ పెట్టాక ఇప్పటి వెడల్పు బొమ్మ ఆ చతురస్రం తెరలో పైనా కిందా నల్ల పట్టీలతో కనబడుతుంది. క్రికెట్ స్కోరు చదవాలంటే తెరకి ముక్కు ఆనించాలి.

సామాన్ల సంగతి ఇంకా అన్యాయం. కొత్త ట్యూబులు తయారుచేసేవాళ్లు లేరు. ట్యూబు వీక్ అయిందంటే ఇక అంతే. ఎల్‌ఓటీ, అంటే ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొత్తదని చెప్పి, చచ్చిపోయిన ఏదో టీవీ నుంచి ఊడబీకి పిన్నులు తుడిచిన సరుకు పంపారు. ఆ డబ్బు మీ దగ్గర ఎలా అడుగుతాను?

ఇంకొకటి ప్రాణం మీదికొచ్చే సంగతి. కలర్ ట్యూబు మీద ఇరవై వేల వోల్టులకు పైనే ఉంటుంది. స్విచ్ ఆపి ప్లగ్గు పీకేసినా ట్యూబులో ఛార్జి నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవరుకి ఎర్త్ వైరు తగిలించి, రబ్బరు మూత కిందకి దూర్చి, చిట్టుమని దిగిందాకా లోపల చెయ్యి పెట్టకూడదు. నాకు అలవాటే. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఎల్‌ఈడీ ప్యానెళ్లే తెలుసు. నేను భోజనానికి వెళ్లినప్పుడు వాణ్ణి ఈ డబ్బాల మధ్య వదిలి వెళ్లాలంటే టెన్షన్.

ఇంతా రాస్తున్నాను గాని, ఆ పిచ్చి నాకేమీ తక్కువ లేదు. మా వీధికంతటికీ ఒకటే టీవీ ఉండేది, మా పెదనాన్నగారింట్లో. చెక్క పెట్టె, ముందు జరిపే షట్టరు, ఈసీ టీవీ. హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు చేసింది. టీవీ తెలుగు ఊరిదే, అందులో తెలుగు మాత్రం వచ్చేది కాదు. ఢిల్లీ నుంచి హిందీ, సాయంత్రం పూట ఒడియా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, ఇలా పెరిగాం ఇక్కడి పిల్లలం.

తెలుగు కోసం ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. వినికిడి లేనివాళ్ల వార్తలు అయ్యాక ప్రాంతీయ భాషా చిత్రం వేసేవాడు, ఒక్కో వారం ఒక్కో భాష. మన వంతు ఎప్పటికో వచ్చేది. వచ్చిన ఆదివారం మా పెద్దమ్మ పన్నెండుకల్లా వంట ముగించేసేది. ఇరుగుపొరుగు చాపలు పట్టుకుని దిగేవారు. అవార్డు సినిమా కదా, ఫైట్లు ఉండవు, ఉన్న పాటా నెమ్మదిగా నడుస్తుంది. ఒక ముసలాయన అరగంట సేపు బావి దగ్గర కూర్చుంటాడు. అయినా ఒక్కరూ లేచి వెళ్లేవారు కాదు. నిజం చెప్పాలంటే నాకు మాత్రం ఆ సినిమాలు విసుగే. ఇప్పుడు అందరూ "ఆ రోజుల్లో ఎంత మంచి ప్రోగ్రాములు" అంటారు గాని, మధ్యలో వచ్చిన నీరసం అంతా మర్చిపోయారు. ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న పలకని మనం ఎన్ని గంటలు చూశామో!

మంచివి మాత్రం మంచివే. 1993లో జంగిల్ బుక్ వచ్చినప్పుడు ఆ బొమ్మలు జపాన్‌లో గీసినవని మాకెవరికి తెలుసు? మోగ్లీ మన అడవిలోవాడే అనుకున్నాం. మహేంద్రగిరి కొండ కనబడే ఊళ్లో పెరిగిన పిల్లలకి అలా అనిపించడంలో వింతేముంది! సురభి ప్రోగ్రాములో అడిగే ప్రశ్నలకు జవాబులు రాసి పదిహేను పైసల కార్డు పోస్టు చేయని ఇల్లు మా వీధిలో లేదు. దేశమంతా అలాగే రాసింది మరి. ఆ వరద తట్టుకోలేక తపాలా శాఖ పోటీలకని వేరే కార్డు పెట్టింది, దాని ధర రెండు రూపాయలు. మా ఇంట్లో ఆ రోజుతో జవాబులు బంద్. 1997లో శక్తిమాన్ సీరియల్ మొదలయ్యాక అతనిలాగే గిరగిరా తిరిగి గోడకి గుద్దుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నుదుటి మీద మచ్చ షాపుకొస్తే చూపిస్తాను.

ఆ లోపల కేబుల్ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమిని మొదలవడంతో ఏటికి ఇటుపక్క ఉన్న మా ఇళ్లలో రోజంతా తెలుగు వినబడింది. బాలుగారు 1996లో పాడుతా తీయగా మొదలుపెట్టాక మా వీధిలో ఒడియా వాళ్ల పిల్లలు కూడా హార్మోనియం మాష్టారి దగ్గర చేరారు.

అయితే ఒకటి గమనించండి. ఇవేవీ పోలేదు. 2020 లాక్‌డౌన్‌లో మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణం మళ్లీ వేస్తే ఇంటిల్లిపాదీ చూశాం కదా. ప్రసార భారతి వాళ్లు 2024 నవంబరులో వేవ్స్ అని యాప్ పెట్టి రామాయణం, మహాభారతం లాంటి పాతవి అందులో ఉంచారు. వాటి కోసం మీరు నాకు డబ్బులిచ్చి టీవీ బాగు చేయించుకోనక్కర్లేదు. నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటోంది. అననీ.

పోతున్నవి వేరే ఉన్నాయి. మీ ఇంట్లో క్యాసెట్లలో ఉన్నవి.

ఈ ఎండాకాలం కాశీనగర్ వైపు నుంచి ఒకావిడ క్యాసెట్ తెచ్చారు. లేబుల్ మీద బాల్‌పెన్నుతో సినిమా పేరు, దాని కింద కొట్టేసిన అక్షరాలు: పెళ్లి. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది విరిచేస్తే మళ్లీ రికార్డు అవదు. పెళ్లి వీడియో తీసినాయన విరిచే ఇచ్చాడు. ఇంట్లో ఎవరో ఆ కన్నానికి సెల్లోటేపు అంటించి, పైన సినిమా ఎక్కించేశారు. రెండున్నర గంటలు కేబుల్లో వచ్చిన సినిమా, సబ్బుల యాడ్లతో సహా. అది అయ్యాక తెర మీద గీతలు, ఆ తర్వాత అప్పగింతలు. పెళ్లికూతురి నాయనమ్మ ఒడియా కలిసిన తెలుగులో ఏదో చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. దాని మీద వీడియో ఆయన వేసిన సినిమా పాట, మాట సగమే వినబడుతుంది. ఆ అరగంటే మిగిలింది. నాయనమ్మ గొంతు ఇంకెక్కడా లేదట. ఆవిడ నా స్టూలు మీద కూర్చుని అది చూస్తుంటే టీ తాగి వస్తానని నేను బయటికి వెళ్లిపోయాను.

యాడ్లు కూడా చెరపకండి. ఊరి కేబుల్ చానల్లో కింద నడిచిన అక్షరాలు, కిరాణా కొట్టువాళ్ల దసరా శుభాకాంక్షలు, థియేటర్లో ఆడే సినిమా పేరు ఏ కంపెనీ దాచలేదు. ఉంటే మీ క్యాసెట్లోనే ఉండాలి.

మన వాతావరణం క్యాసెట్లకు శత్రువు. క్యాసెట్ మీద పారదర్శకంగా ఉండే చిన్న కిటికీలోంచి రీలు కనబడేలా వెలుతురుకి పెట్టి చూడండి. రీలు అంచున పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది బూజు. అలాంటిది పొరపాటున కూడా వీసీఆర్‌లో పెట్టొద్దు. రీలు తెగుతుంది, హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి నీళ్లలో నానినవి కొందరి దగ్గర ఇంకా సంచుల్లోనే ఉన్నాయి. వాటిని ఎండలో పెట్టొద్దు, తిప్పి చూడొద్దు, ఉన్నవి ఉన్నట్టు తెండి. బురద పట్టినవాటిలో కొన్ని వస్తాయి, కొన్ని రావు. ముందే మాటివ్వలేను.

రేటు క్యాసెట్‌కి 350 రూపాయలు, మూడు గంటలదైనా ముప్పై నిమిషాలదైనా. బూజు శుభ్రం చేయాల్సి వస్తే ఇంకో 150. ఏమీ రాకపోతే ఒక్క రూపాయి తీసుకోను. ఆడియో క్యాసెట్‌కి 120. ఇందులో తొందర కుదరదు. మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, పక్కన మనిషి ఉండాలి. పైగా వీసీఆర్ అనేది 2016 తర్వాత ప్రపంచంలో ఎక్కడా తయారవట్లేదు. నా దగ్గర నడిచేవి రెండున్నాయి, మూడోదాన్ని సామాన్ల కోసం విప్పుకుంటున్నాను. ఆ రెండూ మొండికేస్తే ఈ పనీ ఆగిపోతుంది.

మీ వీడియోలు ఎవరికీ చూపించను, ఎక్కడా పెట్టను. కాపీ ఒక నెల ఉంచి తుడిచేస్తాను. ఫలానా సీరియల్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మని దయచేసి అడగొద్దు. అది తీసినవాళ్ల సొత్తు, అమ్మే హక్కు నాకు లేదు.

చివరగా అటకల సంగతి. మీవి కాదు, నావి. రిపేరుకిచ్చి తిరిగి రాని టీవీలు నా అటక నిండా ఉన్నాయి. దీపావళిలోగా వచ్చి తీసుకెళ్లండి. బాగుపడనివాటికి డబ్బు కట్టక్కర్లేదు. మిగిలిపోయినవన్నీ ఈ-వేస్ట్ లైసెన్సున్న వాళ్లకి పంపేస్తాను. పాత ఇనుము వాళ్లకి మాత్రం వేయకండి. రాగి కోసం ట్యూబు సుత్తితో పగలగొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది, పిల్లలు తిరిగే చోట ముక్కలు పడేసి పోతారు. చీటీ పోయినా పర్వాలేదు, టీవీని గుర్తుపడితే చాలు. మంగళవారం సెలవు.