ఆ మందు ఇంకా రాలేదు

సంపాదకులకు నమస్కారం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలతో క్యాన్సర్ పని అయిపోయినట్టే వార్తలు రాస్తుంటే, ఏళ్ల తరబడి జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నాకు కాస్త టెన్షన్‌గా ఉంది. మన కణాల్లో సుమారు 22 జన్యు అక్షరాల పొడవుండే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏల నుంచి ప్రోటీన్ తయారవదు. ఇవి ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాని పని తగ్గిస్తాయి, అంతే.

2002లో బయటపడిన సంగతి చూడండి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న చాలామందిలో 13వ క్రోమోజోమ్‌పై మిర్-15, మిర్-16 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల జన్యువులు ఉండే ముక్కే ఊడిపోయింది. వాటి అదుపు లేక, కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్-2 ప్రోటీన్ పెరిగి, చావాల్సిన కణం చావడం లేదు. మిర్-21 అనే ఇంకో మైక్రో ఆర్‌ఎన్‌ఏ దీనికి పూర్తిగా రివర్స్, అది ఎక్కువైతేనే ముప్పు.

మరి మందో? క్యాన్సర్‌ను అడ్డుకునే మిర్-34 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను అనుకరించే మందు ట్రయల్ తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాలతో 2016లోనే ఆగింది. ఆ సంగతీ రాయండి. మీ పేపరు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది పేషెంట్ల ఇంట్లోవాళ్లే.

– ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్