పెంకు మీది సంవత్సరం ఇంటి వయసు కాదు

సంపాదకులకు,

కోనసీమలో మండువా లోగిళ్లు ఒక్కొక్కటే హోంస్టేలవుతున్నాయి. టేకు దూలాల కోసం విప్పి అమ్ముకోవడం కన్నా ఇది నయమే. గుమ్మం పక్కన పెట్టే ‘ఇంటి చరిత్ర’ బోర్డులే నోటికొచ్చినట్టు ఉంటున్నాయి. ఏ ఇల్లు చూసినా రెండొందల ఏళ్లదట! ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందే 1852లో. డెల్టాలో పెద్ద లోగిళ్లు చాలామటుకు ఆ నీళ్లు తెచ్చిన డబ్బుతో లేచినవే.

లెక్క తప్పేది ఎక్కువగా పెంకు దగ్గర. మంగుళూరు పెంకు తిరగేస్తే అడుగున కంపెనీ పేరు, ఊరు, కొన్నిటి మీద సంవత్సరం అచ్చుపడి ఉంటాయి. బాసెల్ మిషన్ పెంకు మీద 1865, ఆల్బుకర్క్ పెంకు మీద 1868 కనిపిస్తాయి. అవి కార్ఖానా పెట్టిన ఏళ్లు, పెంకు కాల్చిన ఏడు కాదు. పైగా తాటాకో నాటు పెంకో తీసేసి, తర్వాతెప్పుడో ఈ పెంకు ఎక్కించిన ఇళ్లు బోలెడు. కప్పు అంతకు ముందుది కాదని మాత్రమే ఆ అచ్చు చెబుతుంది. ఇనప గర్డరు మీద టిస్కో (టాటా ఉక్కు కంపెనీ) అని ఉంటే అది 1912కి ముందుది కాదు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు మొదలైందే అప్పుడు.

కాగితాలకొస్తే, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే పాత భూముల సర్వే రికార్డు) పట్టుకుని లాభం లేదు. ఊళ్లో ఇళ్ల స్థలాలన్నీ అందులో గ్రామకంఠం కింద పోతాయి, ఇల్లిల్లూ రాయరు. అక్కరకొచ్చేవి భాగపంపకాల, తనఖా దస్తావేజులు. షెడ్యూల్లో నాలుగు హద్దులతో పాటు తాటాకిల్లో, పెంకుటిల్లో, ఖాళీ స్థలమో రాస్తారు. ఒకదాంట్లో ఖాళీ స్థలమై, తర్వాతి దాంట్లో పెంకుటిల్లయితే ఆ రెంటి మధ్య కట్టారన్నమాట. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. పేర్ల ఇండెక్సు ఒక్కటే చూస్తే దొరక్కపోవచ్చు, ఇంటిపేర్లు ఒక్కో గుమస్తా ఒక్కోలా రాశాడు. ఆస్తుల ఇండెక్సూ చూడాలి.

ఇదంతా కప్పు విప్పకముందే మొదలవ్వాలి. ఏ వాలు మీద ఏ అచ్చు ఉందో ఫొటో తీసి, ప్రతి రకంలో రెండు మూడు పెంకులు దాచాలి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక, ఉప్పు పొంగి పెచ్చులూడతాయి. పూడ్చేసిన పాత ద్వారాల ఆనవాళ్లూ ఆ పూత కిందకే పోతాయి.

‘ఫలానా ఏటి దస్తావేజులో పెంకుటిల్లుగా ఉంది’ అని బోర్డు మీద రాస్తే అతిథులేమీ వెనక్కి పోరు. హోంస్టేకి అనుమతిచ్చేటప్పుడు పర్యాటక శాఖ ఆ దస్తావేజు నంబరు, సంవత్సరం అడగాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం