ఖాళీ తొడుగులన్నీ తుక్కు కాదు

సంపాదకులకు,

అమెరికాలో గురిపందేల సరదాపై మీ ఆదివారం కథనంలో, పేలిన తూటాల ఖాళీ తొడుగులన్నీ తుక్కు కిందే పోతాయని రాశారు. కాన్సస్ సిటీలో ఉంటూ సెలవురోజుల్లో ఆ తొడుగులే ఏరి, కొత్తగా మందూ గుండూ నింపి మళ్లీ వాడుకునేవాణ్ని కనుక ఈ నాలుగు ముక్కలు.

మాకు దగ్గర్లోని ఇండిపెండెన్స్‌లో 1941లో మొదలైన లేక్ సిటీ సైనిక తూటాల కర్మాగారం ఉంది. అక్కడి ఇత్తడి తొడుగు అడుగున 'ఎల్‌సీ' అనీ, తయారైన ఏడాది చివరి రెండంకెలూ ముద్రించి ఉంటాయి. 'ఎల్‌సీ 18' అంటే 2018 సరుకు. ఇలా ఏడాదివారీగా వేరుచేయడం చాదస్తమేమీ కాదు. లోపలి చోటు అన్నిటికీ ఒకేలా ఉంటేనే పేల్చిన గుండ్లు ఒకచోట పడతాయి. తొడుగుకు గుండు కూర్చునే మెడ దగ్గర నీలి, గోధుమ రంగు మరక చూసి కొత్తవాళ్లు పాడైందనుకుని పారేస్తుంటారు. అది ఇత్తడిని మెత్తబరచడానికి ఫ్యాక్టరీలో వేడిచేసినప్పటి మచ్చే. మెడ చీలినవి, అడుగుకు కాస్త పైన మెరుపుగీత పడినవి మాత్రం నిజంగా తుక్కే. సైన్యం రకానికి ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే, అడుగున ఉండే చిన్న బిళ్ల) ఊడకుండా చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, దాన్ని సరిచేస్తేగానీ కొత్తది కూర్చోదు. మహా విసుగు పని. దీనికంటే బియ్యంలో రాళ్లేరడం నయమంటుంది మా ఆవిడ.

తొడుగుల మసిలో సీసం ఉంటుందనీ, పిల్లలకు అందనివ్వకూడదనీ మీ కథనం చెప్పాల్సింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం భారత్‌లో 1959 ఆయుధ చట్టం కింద నేరమన్న సంగతీ అందులో లేదు.

— ఒక పాఠకుడు, కాన్సస్ సిటీ, మిస్సోరి