మోడల్ జోలికి పోకు, డేటా సంగతి చూడు

చిట్టితల్లీ,

నగర వాతావరణ మోడలింగ్‌కి ఎవరైనా వాడుకోగలిగే టూల్ రాస్తానన్నావు, చాలా సంతోషం. కొత్త మోడల్ మాత్రం రాయకు. నగరంలో వేడి, నీటి లెక్కలు కట్టే స్యూస్ మోడల్ ఉంది, దాన్ని పైథాన్‌లో నడిపే సూపై ఉంది, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఇలాంటి మోడళ్లు నడిపే ప్లగిన్‌గా యూమెప్ ఉంది. జనం ఆగిపోయేది డేటా సిద్ధం చేసే దగ్గరే. నీ శ్రమంతా అక్కడ పెట్టు.

ఎక్కువగా చెడేది వాతావరణ ఫైలు. ప్రపంచమంతటికీ గంటగంట వాతావరణం ఇచ్చే ఈఆర్ఏ5 డేటాలో సౌర వికిరణం గంట మొత్తానికి, చదరపు మీటరుకు ఇన్ని జూళ్లని ఉంటుంది. 3600తో భాగిస్తే చదరపు మీటరుకు ఇన్ని వాట్లని వస్తుంది. అదే లెక్క, నేల మీది వివరాలు ఇంకా సన్నగా ఇచ్చే ఈఆర్ఏ5-ల్యాండ్‌కి వాడావో, కొంప మునిగినట్టే. అందులో విలువ ప్రతిరోజూ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 00 గంటల నుంచి పోగవుతూ వస్తుంది. ముందు గంట విలువ తీసేశాకే భాగించాలి. 01 గంటకు మాత్రం తీసివేత లేదు, 00 దగ్గర ఉన్నది నిన్నటి మొత్తం కాబట్టి. వాన కూడా ఇంతే, పైగా మీటర్లలో ఉంటుంది. 1000తో గుణించి మిల్లీమీటర్లు చెయ్యి.

తర్వాత టైమ్‌జోన్. యూటీసీని స్థానిక సమయమనుకుంటే రాత్రిపూట ఎండ కాస్తుంది, అయినా మోడల్ ఆగకుండా అంకెలు ఇస్తూనే ఉంటుంది. అందుకే సూర్యుడి ఎత్తు నువ్వే లెక్కగట్టు. గంట పొడుగునా సూర్యుడు క్షితిజం కిందే ఉండి వికిరణం కనిపిస్తే రన్ ఆపెయ్. గంట చివరి క్షణం ఒక్కటే చూశావంటే సూర్యాస్తమయం గంట ఊరికే తప్పుగా పట్టుబడుతుంది.

స్యూస్ నేలను ఏడు రకాలుగా చూస్తుంది: రోడ్ల లాంటి పరిచిన నేల, భవనాలు, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు, ఆకు రాల్చే చెట్లు, గడ్డి, వట్టి నేల, నీరు. వాటాలన్నీ కలిపితే 1 రావాలి. 0.94 వస్తే గుట్టుగా సర్దేయకు. "గ్రిడ్ 14లో (మ్యాప్‌లో 14వ గడిలో) 0.06 వాటాకు ఏ రకమో తెలియలేదు" అని వాడేవాళ్ల భాషలోనే చెప్పు. ఈ అంకెలు చూసే చెట్లు ఎక్కడ పెంచాలో నిర్ణయిస్తారమ్మా, మనం సర్దింది వాళ్లకు కనబడదు.

నేలలో తేమ మొదట ఎంతో ఊహించి పెడతాం గనుక, ఒకే ఏడాదిని రెండుసార్లు నడుపు, మొదటిసారి చివర మిగిలిన తేమతో రెండోసారి మొదలుపెట్టి, మొదటిసారి ఫలితాలు పారెయ్యి. ఎండనీడల్లో మనిషికి తగిలే వేడిని లెక్కగట్టే మోడల్ సోల్వేగ్‌కి ఇచ్చే భవనాల, చెట్ల రాస్టర్ల (గళ్లగళ్లుగా ఉండే మ్యాపుల) పిక్సెల్ సైజూ విస్తీర్ణమూ ఒకటే ఉండాలి, ప్రొజెక్షన్ మీటర్లలో ఉండాలి. డిగ్రీల్లో ఉంటే నీడల పొడవుకు అర్థమే ఉండదు.

సోల్వేగ్ ఇచ్చేది సగటు వికిరణ ఉష్ణోగ్రత, అంటే ఎండ నుంచీ చుట్టూ ఉన్న గోడలు, నేల నుంచీ ఒంటికి తగిలే వికిరణానికి కొలత. ఎండలో అది 60 డిగ్రీలు దాటగలదు, చూసినవాళ్లు గాలే అంత వేడెక్కిందనుకుంటారు. మ్యాప్ మీదే ఆ తేడా రాయి. రంగుల్లో ఎరుపు-ఆకుపచ్చ జంట వద్దు, కొందరికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు ఈఆర్ఏ5-ల్యాండ్ ముక్క రాయి. తీసివేత అయ్యాక, భాగించకముందు, 24 గంటల విలువలు కూడితే మర్నాటి 00 గంటల అంకె రావాలి. అది సరిపోయాక నాకు పంపు, చూస్తాను.

నాన్న