శాన్ ఆంటోనియో నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఆఫీసు పని ఎప్పట్లాగే, చెప్పడానికేం లేదు. మీ బీపీ మాత్ర మార్చారని తమ్ముడు చెప్పాడు. పాతది ఆపేశారా, రెండూ వేసుకుంటున్నారా? అది ముందు రాయండి.

మామయ్య మాట సంగతి ఇప్పుడే తేల్చేస్తాను, లేకపోతే ఉత్తరమంతా అదే నములుతూ కూర్చుంటాను. "పోయి పోయి మెక్సికో వాళ్ళ పేటలో ఇల్లు తీసుకుందట, వాళ్ళంతా గోడ దూకి వచ్చిన బాపతు" అన్నాడట కదా. మీరు సోషల్ చెప్పినవారు, ఈ లెక్క మీరే ఆయనకి అప్పజెప్పండి. ఈ ఊరు పుట్టింది 1718లో, స్పెయిన్ రాజు కింద. 1821లో మెక్సికోది అయింది. 1836లో టెక్సస్ వేరే దేశమైంది. 1845 డిసెంబరులో అమెరికాలో కలిసింది. గుమ్మం దాటని మనిషి పాతికేళ్ళలో నాలుగు జెండాలు చూశాడు. అమెరికాతో యుద్ధంలో ఓడిన మెక్సికో 1848లో కాలిఫోర్నియా, న్యూమెక్సికో వైపు నేలంతా కోటిన్నర డాలర్లకి అమెరికాకి రాసిచ్చేసింది. అక్కడున్న జనానికి ఏడాది గడువు పెట్టారు: మెక్సికో పౌరులుగా ఉంటామంటే చెప్పుకోవాలి, నోరెత్తకపోతే అమెరికా పౌరులే. మన యానాం వాళ్ళకి ఫ్రెంచి పౌరసత్వం కావాలో వద్దో ఎంచుకోమని గడువిచ్చారే, అలాంటిదే. యానాం వాళ్ళని ఎవరైనా గోడ దూకారంటారా? ఆ తర్వాత వచ్చినవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు, కాదనను. కానీ మొహం చూసి ఎవరెప్పుడొచ్చారో చెప్పడం మామయ్య వల్ల కాదు.

నా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. టీవీ చూసి అమ్మ బెంగపెట్టుకోనక్కర్లేదు.

మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇక్కడ బడికి రాష్ట్రం, కేంద్రం ఇచ్చేది పోను, మిగతాది ఆ చుట్టుపక్కల ఆస్తుల మీద వేసే పన్ను నుంచే రావాలి. పంచాయతీ ఇంటిపన్ను బడికే కట్టినట్టనుకోండి. ఊరికి పడమట ఎడ్జ్‌వుడ్ అని ఒక బడి జిల్లా. 1967-68లో అక్కడ పిల్లలు సుమారు 22 వేలు, నూటికి తొంభై మంది మెక్సికన్ అమెరికన్లు. నూరు డాలర్ల ఆస్తికి డాలరు ఐదు సెంట్లు పన్ను కట్టారు. రాష్ట్రం నడిపే బడి నిధుల పథకానికి జిల్లా కట్టే వాటా పోను పిల్లాడికి మిగిలింది 26 డాలర్లు. అదే ఊళ్ళో డబ్బున్నవాళ్ళుండే ఆలమో హైట్స్‌లో 85 సెంట్లే కట్టారు, మిగిలింది 333 డాలర్లు. కిటుకేం లేదు. పిల్లాడికి ఇంత ఆస్తి అని పంచి చూస్తే ఇక్కడ 5,960 డాలర్లు, అక్కడ 49 వేల పైన. రాష్ట్రం, కేంద్రం ఇచ్చింది కలిపినా ఇక్కడ 356, అక్కడ 594. ఎక్కువ రేటు కట్టినవాడికి తక్కువ చదువు!

1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు నాలుగు వందల మంది దాకా క్లాసులు వదిలేసి బయటికొచ్చారు. ఆ వేసవిలోనే డెమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకు పనివాడు, ఇంకొందరు తల్లిదండ్రులు ఈ బడి డబ్బుల పద్ధతి మీద కేసు వేశారు. కింది కోర్టులో గెలిచారు. 1973 మార్చిలో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది, చదువు అమెరికా రాజ్యాంగం పూచీపడ్డ హక్కు కాదని. ఒక్క ఓటు, నాన్నగారూ. మళ్ళీ 1984లో రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని మొదలుపెట్టి, 1989లో టెక్సస్ రాష్ట్ర సుప్రీంకోర్టులో 9-0తో గెలిచారు. ఆ ఒత్తిడితోనే 1993లో ఆస్తి బలిసిన జిల్లాల నుంచి కొంత తీసి పేద జిల్లాలకి పంచే చట్టం వచ్చింది. ఇప్పటికీ దాని మీద సణుగుడే.

ఇంకో కేసు వింటే మీరు నవ్వుతారు, తర్వాత కోపం వస్తుంది. పీట్ హెర్నాండెజ్ మీద హత్య కేసు. ఈ రాష్ట్రంలోనే జాక్సన్ కౌంటీలో పాతికేళ్ళలో ఆరు వేల మందికి పైగా జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం జట్టుకి, పిలిచారు, వాళ్ళలో ఒక్క మెక్సికన్ పేరు లేదు. అదేమంటే, "చట్టం ప్రకారం వీళ్ళూ తెల్లవాళ్ళే, జ్యూరీలోనూ తెల్లవాళ్ళే, ఇక వివక్షేముంది?" అంది రాష్ట్రం. అదే కోర్టు ఆవరణలో మగవాళ్ళ మరుగుదొడ్లు రెండు. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండోదాని మీద నల్లవాళ్ళకని ఇంగ్లీషులో, దాని కిందే "ఓంబ్రెస్ ఆకీ" అని స్పానిష్‌లో, అంటే మగవాళ్ళు ఇక్కడికి అని. కాగితం మీద తెల్లవాడు, మరుగుదొడ్డి దగ్గర కాదు. గస్ గార్సియా, కార్లోస్ కడేనా అనే లాయర్లు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళి 1954 మే 3న తొమ్మిది మంది జడ్జీల చేతా ఇది వివక్షేనని ఔననిపించారు. నల్లపిల్లల బళ్ళ గురించి వచ్చిన పెద్ద తీర్పుకి రెండు వారాల ముందు. దాని పేరు లోకమంతా తెలుసు, దీని పేరు ఎవరికీ తెలీదు.

మైదుకూరు బళ్ళో పిల్లల మెడలో "తెలుగు మాట్లాడను" అని పలక కట్టినప్పుడు మీరు పేపరు విసిరికొట్టారు, గుర్తుందా? ఇక్కడా ఒకప్పుడు బళ్ళో స్పానిష్ మాట్లాడితే దెబ్బలే. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామంది తమ పిల్లలకి స్పానిష్ నేర్పలేదు. ఇప్పుడు ఆ మనవల్ని "పోచో" అని చుట్టాలే వెక్కిరిస్తారు, సగం అమెరికావాడు అన్నట్టు. ఇటూ మాటే, అటూ మాటే. పేర్ల గొడవా అంతే. "చికానో" ఒకప్పుడు తిట్టు, అరవైల్లో కుర్రాళ్ళు దాన్నే జెండా చేసుకున్నారు. ఇక్కడి పాతకాపులు చాలామందికి "తెహానో", అంటే టెక్సస్ వాళ్ళు, అంటేనే ఇష్టం. ఊరికే మెక్సికన్ అనేస్తే కొందరికి సంతోషం, కొందరికి మంట.

ఇక్కణ్ణుంచి అమ్మకి చదివి వినిపించండి. అమ్మా, నువ్వడిగిన తమాలె, ఆవిరి మీద ఉడికించే మెక్సికో వంట, మన పొట్టిక్కల చుట్టమే. పనసాకు బదులు మొక్కజొన్న పొత్తు డొప్ప. కిలో ఎండు మొక్కజొన్న గింజలకి మూడు లీటర్ల నీళ్ళు, పది గ్రాముల సున్నం. కిళ్ళీ సున్నమే, గోడ సున్నం కాదు. ముప్పావుగంట సన్నసెగ మీద ఉడికించి రాత్రంతా అలాగే వదిలెయ్యాలి. పొద్దున రుద్ది కడిగితే పైపొట్టు జారిపోతుంది. సున్నం ఎక్కువైతే చేదు, వెయ్యకపోతే పిండి ఎంత పిసికినా అతుక్కోదు. రుబ్బిన పిండిలో కొవ్వు వేసి గిలకొట్టాలి. వీళ్ళు పంది కొవ్వు వేస్తారు, నువ్వు నెయ్యో నూనో వేసుకో. గోళీ అంత పిండి చన్నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగిందా, ఇంకా గిలకొట్టాలి. అరిసెల పాకం చూసినట్టే. తర్వాత ఆ పిండిని డొప్పల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించాలి. ఆవిరి గిన్నె అడుగున ఒక నాణెం వేస్తారు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గలగలమంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళు ఇంకినట్టు, వేడినీళ్ళే పొయ్యాలి. గంటా గంటంపావుకి డొప్ప అంటుకోకుండా ఊడొస్తే అయినట్టు. క్రిస్మస్ ముందు ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి డజన్లు డజన్లు చుడతారు. చేతులు చుడుతుంటే నోళ్ళు ఊరుకోవు.

నవంబరు 1, 2 తారీకుల్లో పెద్దల పండగ. పోయినవాళ్ళ ఫొటో, నీళ్ళు, ఉప్పు, కొవ్వొత్తి, వాళ్ళు ఇష్టంగా తిన్నది పెడతారు. చుట్టూ బంతిపూలే. మన బంతికి పుట్టిల్లు అసలు మెక్సికోనేనట. నాయనమ్మ ఫొటో నా దగ్గర లేదు. హాల్లో ఉన్నదాన్ని తమ్ముణ్ణి ఫోనులో తీసి పంపమనండి, అద్దం మీద ట్యూబులైటు మెరుపు పడకుండా.

రెండు మాత్రలూ వేసుకుంటుంటే మాత్రం రేపే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి.

మీ చిన్ని